అంగన్వాడీ సూపర్‌వైజర్‌ను నాయకురాలిగా తీర్చిదిద్దడం ఎలా: కొత్త సీడీపీఓలకు కొన్ని సూచనలు

ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకం 1975 అక్టోబర్ 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో 35,700 అంగన్వాడీ కేంద్రాలు, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా కేంద్రాలు ఉన్నాయి. ఆ కేంద్రాలకు వచ్చే పాలు, గుడ్లు, బాలామృతం గురించీ, వాటిని నడిపే టీచర్లు, ఆయాల గురించీ ఉత్తర్వులు, వార్తలు, ఫిర్యాదులు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఇరవై పాతిక కేంద్రాల బాగోగులు చూడవలసిన సెక్టార్ సూపర్‌వైజర్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ప్రాజెక్టు ఆఫీసులో ఆమె పేరు వినిపించేది నెలవారీ నివేదిక ఆలస్యమైనప్పుడో, పైనుంచి ఎవరో తనిఖీకి వస్తున్నారని తెలిసినప్పుడో మాత్రమే.

సీడీపీఓగా, అంటే ఒక ఐసీడీఎస్ ప్రాజెక్టును నడిపే శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారిగా, పనిచేసిన తొలి సంవత్సరాలలో నేను కూడా సూపర్‌వైజర్‌ను నివేదికలు మోసుకొచ్చే మనిషిగానే చూశాను. ఆ చూపు మారడానికి చాలా కాలం పట్టింది. సీడీపీఓ సూపర్‌వైజర్‌ను ఏ ప్రశ్న అడుగుతుందో సూపర్‌వైజర్ టీచర్‌ను అదే అడుగుతుందనీ, టీచర్ బిడ్డ తల్లిని కూడా చివరికి అదే అడుగుతుందనీ నాకు ఆలస్యంగా అర్థమైంది. మనం "ఎంట్రీ అయిందా?" అని అడిగితే ఆ మాటే గొలుసులా కిందికి దిగి, గుమ్మం దగ్గర నిలబడ్డ తల్లి వరకూ "బిడ్డను తూచేశాం, వేలిముద్ర వేసి వెళ్లు" అన్న మాటగా చేరుతుంది. సూపర్‌వైజర్‌ను నాయకురాలిగా తయారుచేయడమంటే ఈ గొలుసులో మొదటి ప్రశ్నను మార్చడమే. కింద చెప్పబోయే పనులన్నీ దాని కోసమే.

ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి

సూపర్‌వైజర్లు రెండు దారుల్లో వస్తారు. పరీక్ష రాసి నేరుగా ఎంపికై వచ్చేవారు కొందరు, అంగన్వాడీ టీచర్‌గా ఏళ్ల తరబడి పనిచేసి పదోన్నతి మీద వచ్చేవారు మరికొందరు. 2022లో వచ్చిన సక్షమ్ అంగన్వాడీ, పోషణ్ 2.0 మార్గదర్శకాలు సగం సూపర్‌వైజర్ పోస్టులను ఐదేళ్ల అనుభవమున్న టీచర్లతో నింపాలని చెప్పాయి. కాబట్టి రెండో దారిన వచ్చినవారు మీ ప్రాజెక్టులో ఉండి తీరుతారు. ఈ రెండు రకాల వారికీ ఒకే శిక్షణ, ఒకే మందలింపు, ఒకే మెచ్చుకోలు పనికిరావు.

పరీక్ష రాసి వచ్చిన అమ్మాయికి సాధారణంగా చట్టాలు, మార్గదర్శకాలు, పట్టికలు బాగా తెలుస్తాయి గానీ, ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తున్న రెండేళ్ల బిడ్డను వేలాడదీసి తూచే సాల్టర్ త్రాసు సంచిలో కూర్చోబెట్టడం ఎంత కష్టమో తెలియదు. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దదైన టీచర్‌కు పని చెప్పవలసి వచ్చినప్పుడు ఆమె గొంతు అయితే అనవసరంగా కటువుగా, లేకపోతే మరీ మెత్తగా ఉంటుంది. అటువంటి ఆమెను మొదటి రెండు నెలల్లో కనీసం నాలుగు రోజులు మీ ప్రాజెక్టులోని ఒక మంచి టీచర్ దగ్గర ఉదయం తలుపు తీసినప్పటి నుంచి సాయంత్రం తాళం వేసేవరకూ సహాయకురాలిగా ఉంచండి. తనిఖీ చేయడానికి కాదు, నేర్చుకోవడానికి వెళుతున్నట్టు ఆ టీచర్‌కు మీరే ముందుగా చెప్పండి. ఇద్దరికీ గౌరవం దక్కుతుంది.

టీచర్‌గా పనిచేసి వచ్చిన ఆమె సమస్య వేరు. నిన్నటి వరకూ "అక్కా", "వదినా" అని పిలుచుకున్న వాళ్లే ఇవాళ "మేడం" అనాలా అని తడబడతారు. ఆమె కూడా స్టాక్ రిజిస్టర్‌లో తేడా కనిపించినప్పుడు పాత స్నేహం అడ్డొచ్చి చూసీ చూడనట్టు పోతుంది, లేదా ఆ స్నేహం లేదని చూపించుకోవడానికి అందరికంటే కఠినంగా ప్రవర్తిస్తుంది. వీలైతే తను టీచర్‌గా పనిచేసిన సెక్టార్‌ను ఆమెకు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే మొదటి సెక్టార్ మీటింగ్‌కు మీరు వెళ్లి, ఆమె ఏ విషయాల్లో నిర్ణయం తీసుకుంటుందో మీ నోటితో అందరి ముందూ చెప్పి, ఆ తర్వాత మీటింగ్ ఆమెకు వదిలేసి లేచి రండి. పిలుపు సంగతి వాళ్లే తేల్చుకుంటారు. "అక్కా" అంటూనే మాట వినే టీచర్లను నేను చాలామందిని చూశాను.

ఒక రోజు ఆమె వెంట మౌనంగా తిరగండి

ప్రాజెక్టు చేపట్టిన మొదటి మూడు నెలల్లో ప్రతి సూపర్‌వైజర్‌తోనూ ఒక పూర్తి రోజు గడపండి. జీపులో కాదు, ఆమె రోజూ ఎలా వెళుతుందో అలాగే, బస్సులోనో ఆటోలోనో. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో బస్సు దిగి ఎండలో నడిచిన తర్వాత, రోజుకు నాలుగు కేంద్రాలు చూశానని టూర్ డైరీలో రాసే సూపర్‌వైజర్ నిజానికి ఎన్ని చూడగలదో మీకే తెలుస్తుంది. పోస్టులు ఖాళీగా ఉన్నచోట పక్క సెక్టార్ కూడా ఇన్‌ఛార్జిగా ఆమె నెత్తినే పడుతుంది. యాభై కేంద్రాలున్న మనిషిని పాతిక కేంద్రాల లెక్కతో కొలవకూడదు. ఆమెకు ఇవ్వవలసింది మెమో కాదు, ఏ పదిహేను కేంద్రాలకు ముందు వెళ్లాలో, మిగతావి ఎందుకు ఆగవచ్చో మీతో కూర్చుని నిర్ణయించుకునే అవకాశం.

కేంద్రంలో ఆమె ఏం చేస్తుందో గమనించండి, మీరు మాత్రం మాట్లాడకండి. చాలామంది గుమ్మంలో అడుగుపెట్టగానే రిజిస్టర్ల కోసం చేయి చాపుతారు. పిల్లల వైపు చూసేది తర్వాత, అదీ ఎంతమంది వచ్చారో లెక్కపెట్టడానికే. ఆమె ముందు ఎక్కడ కూర్చుంది, పిల్లల మధ్య చాప మీదా, టీచర్ తెచ్చి వేసిన కుర్చీలోనా? తప్పు కనిపించినప్పుడు ఆయా ముందు, తల్లుల ముందు అరిచిందా, పక్కకు పిలిచి చెప్పిందా? వెళ్లేముందు టీచర్‌కు పనికొచ్చే ఒక్క మాటైనా చెప్పిందా? ఇవి చూస్తే చాలు. సాయంత్రం తిరిగి వస్తున్నప్పుడు ఆమెను మార్కులు వేసినట్టు విమర్శించకుండా, "ఇవాళ ఆ టీచర్‌కు మీ వల్ల ఏం కలిసొచ్చింది?" అని ఒక్కటే అడగండి. ఎవరూ ఆమెను అంతకుముందు ఆ ప్రశ్న అడిగి ఉండరు కాబట్టి జవాబు రావడానికి సమయం పడుతుంది. తొందరపెట్టవద్దు.

లెక్కల కంటే ముందు పిల్లలు

నా సర్వీసులో ఒక సెక్టార్‌లో ఏడాది పొడవునా ఒక్క సామ్ (తీవ్ర పోషణ లోపమున్న) బిడ్డ కూడా నమోదు కాలేదు. మీటింగ్‌లో ఆ సూపర్‌వైజర్‌ను అందరి ముందూ మెచ్చుకున్నాను. తర్వాత వేరే పని మీద ఆ సెక్టార్‌కు వెళ్లి, కేంద్రంలో కూర్చున్న పిల్లలను ఊరికే మళ్లీ తూచి, ఎత్తు కొలిపిస్తే ముగ్గురు తీవ్ర పోషణ లోపంలో ఉన్నారు. సూపర్‌వైజర్‌ను అడిగితే ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, అంతకుముందు ఏడాది సామ్ పిల్లలు ఎక్కువున్నారని సంజాయిషీ అడిగిన సంగతి గుర్తుచేసింది. అడిగింది నేనే. ఆ సంజాయిషీ భయం ఆమె నుంచి టీచర్లకు పాకింది, టీచర్లు బరువు రాసేటప్పుడు అరకిలో పెంచి రాయడం అలవాటు చేసుకున్నారు. అబద్ధం పుట్టింది కేంద్రంలో అయినా, దాన్ని నాటింది నా ఆఫీసులోనే.

2021 మార్చిలో కేంద్రాల వివరాలు ఫోన్‌లో నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక ఈ జబ్బు తగ్గలేదు, రూపం మార్చుకుంది. ఫోన్‌లో ఎన్ని ఎంట్రీలు పడ్డాయన్నది ఇప్పుడు క్షణంలో కనిపిస్తుంది గనుక, ఎంట్రీల శాతాన్నే పనితనంగా లెక్కించడం అధికారులకు మరింత సులువైంది. అందుచేత మీ వారపు సమీక్షలో శాతాల గురించి మాట్లాడే ముందు ప్రతి సూపర్‌వైజర్‌నూ ఈ ప్రశ్న అడగండి: "మీ సెక్టార్‌లో ఈ వారం మీకు దిగులు కలిగిస్తున్న ముగ్గురు పిల్లలు ఎవరు? వాళ్ల ఇంటి పరిస్థితి ఏమిటి?" పేరు, వయసు, ఊరు, ఇంటి సంగతి చెప్పగలిగితే ఆమె కేంద్రాలకు నిజంగా వెళుతోందని అర్థం. చెప్పలేకపోతే కోప్పడకండి, వచ్చే వారం చెప్పమనండి. మూడో వారానికి ఆమె ఇదే ప్రశ్నను టీచర్లను అడగడం మొదలుపెడుతుంది. ఎందుకంటే మీకు చెప్పడానికి ఆమె దగ్గర సమాచారం ఉండాలి కదా.

అడగడంతో పాటు, కొలిచే పనిలో ఆమె చేయి తిరిగి ఉండాలి. తను చేసి చూపించలేని పనిని తప్పుపట్టే సూపర్‌వైజర్‌ను టీచర్లు లోపల్లోపల ఎగతాళి చేస్తారు. త్రాసు ముల్లు సున్నా మీద ఉందో లేదో ముందు చూడాలి. స్వెట్టరు, చెప్పులు తీయించాలి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి ఇన్‌ఫాంటోమీటర్ మీద, రెండేళ్లు దాటిన బిడ్డను నిలబెట్టి స్టేడియోమీటర్ మీద కొలవాలి. పడుకోబెట్టి కొలిచిన పొడవు నిలబెట్టి కొలిచిన దానికంటే దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది గనుక రెండింటినీ కలిపేయకూడదు. పడుకోబెట్టినప్పుడు బిడ్డ మోకాళ్లు వంగి ఉంటే పొడవు తక్కువగా నమోదై, బక్కచిక్కిన బిడ్డ కూడా ఎత్తుకు తగిన బరువున్నట్టు పట్టికలో కనిపిస్తుంది. అందుకే ఒకరు తల, ఒకరు మోకాళ్లు పట్టుకోవాలి. టీచర్, ఆయా ఇద్దరూ లేకుండా ఆ పని కాదు. సూపర్‌వైజర్ వెళ్లిన ప్రతి కేంద్రంలోనూ ఇద్దరు పిల్లలను తనే మళ్లీ కొలిచి, టీచర్ రాసిన అంకెతో పోల్చుకోవాలి. తేడా వస్తే ఇద్దరూ కలిసి మూడోసారి కొలవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. కొలత తప్పిన టీచర్‌కు ఆ సమయంలో కావలసింది ఇంకొకసారి చేయి పట్టి చూపించడం.

2023 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన పోషణ లోప నివారణ ప్రోటోకాల్ ప్రకారం సామ్ బిడ్డకు ఆకలి పరీక్ష చేయాలి, రెండు పాదాల్లో వాపు ఉందేమో చూడాలి, జబ్బు లక్షణాలుంటే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. ఇవన్నీ టీచర్‌కు కాగితం మీద తెలుసు. ఆమెకు తెలియనిది, కూలి పోతుందని ఆ కేంద్రంలో పద్నాలుగు రోజులు ఉండనంటున్న తల్లితో ఎలా మాట్లాడాలో. అక్కడే సూపర్‌వైజర్ అవసరం. ఆ ఇంటికి ఆమె టీచర్‌తో కలిసి వెళ్లాలి, ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తను పిలవాలి, మిగతా పిల్లలను ఎవరు చూస్తారో అత్తగారితో తేల్చాలి. పంపిన తర్వాత రెండో రోజు ఫోన్ చేసి అడగాలి. ఇటువంటి నాలుగు సందర్భాలు ఆమెతో చేయిస్తే, ఏ శిక్షణ సంస్థా నేర్పలేని నాయకత్వం వస్తుంది.

సెక్టార్ మీటింగ్ ఎలా నడపాలి

2018లో మొదలైన పోషణ్ అభియాన్‌లో సెక్టార్ మీటింగ్‌ను నెలనెలా నేర్చుకునే చోటుగా మార్చాలని 21 పాఠాలు తయారుచేశారు. ఒక్కో నెలలో ఒక్కో చిన్న అంశం నేర్చుకుని, వెంటనే ఊళ్లో చేసి చూడటం దాని ఉద్దేశం. మంచి ఆలోచన. చాలాచోట్ల మాత్రం పదింటికి మొదలుకావలసిన మీటింగ్ పదకొండున్నరకు మొదలై, సర్క్యులర్లు చదవడంతో, సంతకాలతో, ఎవరి ఫోన్ పనిచేయడం లేదో రాసుకోవడంతో ముగుస్తుంది. ఆ రెండు గంటల పాటు పాతిక ఊళ్ల అనుభవం ఒకే గదిలో కూర్చుని ఉంటుంది, ఎవరూ దాన్ని ముట్టుకోరు.

సూపర్‌వైజర్‌కు ఈ చిన్న మార్పు చేయమని చెప్పండి. సర్క్యులర్లను ముందు రోజే వాట్సాప్ గ్రూపులో పంపి, మీటింగ్‌లో అనుమానాలకు పదిహేను నిమిషాలే ఇవ్వాలి. తర్వాత ఒక టీచర్ తన కేంద్రంలోని ఒక బిడ్డ గురించి చెప్పాలి. ఆ బిడ్డ మాటలు ఆలస్యంగా నేర్చుకుంటుండవచ్చు, బడికి రాకుండా పోయి ఉండవచ్చు, తల్లి రక్తహీనతతో ఉండవచ్చు. మిగతా టీచర్లు తాము అటువంటి పరిస్థితిలో ఏం చేశారో చెప్పాలి. సూపర్‌వైజర్ చివరి వరకూ పరిష్కారం చెప్పకూడదు. ఇది ఆమెకు అన్నింటికంటే కష్టమైన పని, ఎందుకంటే జవాబు చెప్పడమే అధికారమని మనం ఆమెకు నేర్పాం. మొదటి రెండు మీటింగులకు మీరు వెళ్లి వెనక కూర్చోండి. మీరు ముందు కూర్చుంటే టీచర్లందరూ మీ వైపు చూసే మాట్లాడతారు, ఆమె మీ అనౌన్సర్ అవుతుంది.

ఆటపాటల పూర్వ ప్రాథమిక విద్య గురించి కూడా ఒక మాట. 2023లో పోషణ్ భీ పఢాయీ భీ (పోషణతో పాటు చదువూ) కార్యక్రమం వచ్చినా, సమీక్షల్లో చదువు సంగతి ఇంకా ఆఖరి ఐదు నిమిషాలకే పరిమితమవుతోంది. నెల విడిచి నెల మీటింగ్‌ను ఏదో ఒక కేంద్రంలోనే, పిల్లలు ఉన్న వేళలో పెట్టమనండి. టీచర్లు కథ చెప్పే తీరును ఒకరిదొకరు చూసుకుంటే చాలు.

బాల్య వివాహం, లైంగిక దాడి, వదిలేసిన బిడ్డ

ఊళ్లో పదహారేళ్ల అమ్మాయికి పెళ్లి జరగబోతోందని టీచర్‌కు తెలిసినప్పుడు, ఆమె ముందుగా ఫోన్ చేసేది సూపర్‌వైజర్‌కే. ఆ ఫోన్ రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. ఆ తర్వాతి గంటలో సూపర్‌వైజర్ ఏం చేస్తుందన్నది, ఫోన్ చేస్తే మీరు ఎత్తుతారన్న నమ్మకం ఆమెకు ఉందా లేదా అన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

చట్టం విషయంలో ఆమెకు తడుముకోని స్పష్టత ఇవ్వండి. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం కింద ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 ఏళ్లు నిండాలి. పెళ్లి ఆపడానికి సెక్షన్ 13 కింద మేజిస్ట్రేట్ ముందుగానే నిషేధ ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. కాబట్టి ఊరి పెద్దలు రాజీ చేస్తామన్నా ఆమె ఆగడానికి వీలులేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం రక్షణ అవసరమైన బిడ్డను ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల లోపల బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు, జిల్లా బాలల పరిరక్షణ విభాగం నంబరు, స్థానిక ఎస్సై నంబరు ఆమె ఫోన్‌లో ఉండాలి. ఇవి ఒక పేజీలో రాసి ఇచ్చి, ఏడాదికి రెండుసార్లు "ఇప్పుడు ఫోన్ వచ్చింది, ఏం చేస్తారు?" అని ఆమెతో నడిపించి చూడండి.

పెళ్లి ఇంటికి ఆమెను ఒక్కదాన్నీ పంపకండి. పోలీసులతో, పంచాయతీ కార్యదర్శితో కలిసి వెళ్లినా, సమాచారం ఇచ్చింది టీచరేనని ఊళ్లో తెలియకుండా చూడటం ఆమె బాధ్యతగా ముందే చెప్పండి. మర్నాడు నుంచి ఆ ఊళ్లో ఉండవలసింది ఆ టీచరే. ఒక్కసారి టీచర్ పేరు బయటపడితే, ఆ సెక్టార్‌లో ఇంకెవరూ మళ్లీ ఫోన్ చేయరు.

సంఘటన ముగిశాక రెండు మూడు రోజుల్లో సూపర్‌వైజర్‌ను పిలిపించి అరగంట కూర్చోబెట్టండి. నివేదిక కోసం కాదు. గాయపడ్డ బిడ్డను ఆసుపత్రికి తీసుకెళ్లిన మనిషి ఇంటికి వెళ్లి వంట చేయడం, మర్నాడు స్టాక్ చూడటం మామూలు విషయం కాదు. అలా కూర్చోబెట్టి మాట్లాడితే, ఆమె కూడా తన టీచర్‌ను అలాగే కూర్చోబెడుతుంది.

అధికారాన్ని మాటల్లో కాక చేతల్లో ఇవ్వండి

నాయకత్వం గురించి శిక్షణ ఇచ్చి, చిన్న సెలవు కూడా ఆమె మంజూరు చేయకుండా చూసే సీడీపీఓను టీచర్లు ఒక్క వారంలో కనిపెడతారు. ఏ కేంద్రానికి ఎప్పుడు వెళ్లాలి, మీటింగ్ ఎక్కడ పెట్టాలి, టీచర్ లేని రోజు పక్క కేంద్రంతో ఎలా సర్దుబాటు చేయాలి, సరుకు నాసిగా వస్తే దించుకోకుండా వాపసు పంపాలా వద్దా, ఇటువంటివి ఆమెకే వదలండి. ఆమె తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోతే ఏకాంతంగా చెప్పండి. టీచర్ నేరుగా మీ దగ్గరికి వచ్చి సూపర్‌వైజర్ మాటను రద్దు చేయించుకుని వెళ్లిందంటే, ఆ సెక్టార్‌లో ఆరు నెలల పని పోయినట్టే. అయితే సూపర్‌వైజర్ మీదే డబ్బు వసూలు చేస్తోందన్న ఫిర్యాదు వస్తే మాత్రం ఆ దారి మూసేయకూడదు. దాన్ని మీరే స్వయంగా, రాతపూర్వకంగా విచారించాలి.

తప్పు సరిదిద్దడంలో వరుస ముఖ్యం. గుడ్లు తక్కువ పంచిన టీచర్‌కు మెమో ఇచ్చే ముందు, గుడ్లు ఎన్ని వచ్చాయో, ఎన్ని పగిలాయో, కాంట్రాక్టర్ ఎన్ని రోజులు ఆలస్యం చేశాడో సూపర్‌వైజర్ చూడాలి. ఆ తర్వాత మాట్లాడాలి, గడువు ఇవ్వాలి, మళ్లీ వెళ్లి చూడాలి. అప్పటికీ మారకపోతే రాయాలి. పిల్లల తిండి అమ్ముకున్నట్టు తేలితే ఈ వరుసేదీ వర్తించదు, అదే రోజు మీకు చెప్పాలి. ఈ తేడా ఆమెకు ముందే స్పష్టంగా తెలియాలి.

టీచర్లతో ప్రభుత్వానికి పేచీ వచ్చినప్పుడు సూపర్‌వైజర్ పరిస్థితి మరీ ఇబ్బందికరం. 2023 డిసెంబర్‌లో మొదలై ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులు సాగిన అంగన్వాడీల సమ్మె వంటి సమయాల్లో ఆమె ఆదేశాలు పాటించక తప్పదు, సమ్మె తర్వాత ఆ టీచర్లతోనే పనిచేయకా తప్పదు. అటువంటప్పుడు ఆమెతో ఎవరినీ బెదిరించే ఫోన్లు చేయించకండి. చెప్పవలసిన కఠినమైన మాట ఏదైనా ఉంటే మీ సంతకంతో మీరే చెప్పండి.

ఏడాదిలో ఏం కనిపిస్తుంది

మొదటి నాలుగైదు నెలల్లో అంకెలు దిగజారుతాయి. సామ్ పిల్లల, మామ్ (ఒక మోస్తరు పోషణ లోపమున్న) పిల్లల సంఖ్య పెరుగుతుంది, ఎందుకంటే ఇప్పుడు నిజంగా కొలుస్తున్నారు. ఈ సంగతి మీ జిల్లా అధికారికి మీరే ముందుగా రాతపూర్వకంగా తెలపండి. లేకపోతే పైనుంచి వచ్చే సంజాయిషీ మళ్లీ అదే గొలుసులో కిందికి దిగుతుంది, అరకిలోలు మళ్లీ పెరుగుతాయి.

అంకెలు కాక చూడవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. సమస్య పెద్దదయ్యాక కాక, మొదట్లోనే టీచర్లు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తున్నారా? ఆమె మీతో "నాకు తెలియదు మేడం, కనుక్కుని చెబుతాను" అనగలుగుతోందా? మీ మాట తప్పని తోచినప్పుడు కాదనగలుగుతోందా? ఆమె సెలవులో ఉన్న వారం కూడా సెక్టార్ నడిచిందా?

మీకు బదిలీ వస్తుంది. అప్పటికి ఒక్కో సూపర్‌వైజర్ గురించి ఒక పేజీ సిద్ధంగా పెట్టుకోండి. ఆమెకు ఏ పని బాగా వస్తుంది, ఏది ఇంకా నేర్చుకుంటోంది, ఏ నిర్ణయాలు ఆమెకు వదిలేశారు, ఆ ముగ్గురు పిల్లల ప్రశ్న ఏ రోజు అడుగుతున్నారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ పేజీని ముందు సూపర్‌వైజర్‌కు చదివి వినిపించి, ఆమె చెప్పిన మార్పులు చేర్చి, మీ తర్వాత వచ్చే సీడీపీఓ చేతికి ఆమె ఎదుటే ఇవ్వండి.